చిన్న ఇంటి పునర్నిర్మాణం – మండువా సూత్రం: కృష్ణానగర్ నేపథ్యం

తెలుగువారి సంప్రదాయ గృహనిర్మాణంలో మండువా లోగిలి విశిష్టమైనది. నడుమ ఆకాశానికి తెరచి ఉంచిన భాగం చుట్టూ ఉన్న గదులకు వెలుతురును, గాలిని పంచుతుంది. వేడెక్కిన గాలి అక్కడినుండి పైకి పోతుంది. సున్నపు గోడలు తేమను పీల్చి తిరిగి విడుస్తాయి.

హైదరాబాదులోని కృష్ణానగర్ సినీకార్మికులు అధికంగా నివసించే ప్రాంతం. ఇరుకు స్థలాలలో గోడకు గోడ ఆనుకొని లేచిన మేడల్లోని అద్దె గదులలో మండువాకు చోటు లేదు. దాని సూత్రానికి ఉంది. ఎదురెదురు కిటికీలు, మెట్లదారి పైకప్పులో గవాక్షం, డాబాపై తెల్లసున్నం, తాండూరు బండల నేల అందుకు సాధనాలు.

అయితే గోడను మార్చే హక్కు యజమానిది. ఉక్కను భరించేది అద్దెదారు. కావున చిన్న ఇంటి పునర్నిర్మాణ చర్చ ఈ ఇద్దరి ఒప్పందం నుండే మొదలుకావలసి ఉంది.