జిరాక్సు చెల్లదు: కంప్యూటర్ మెమరీకి కొత్త కాపలా



కువైట్‌లో మనవాళ్ళ పేర్లు పొడుగు. ఇంటిపేరు, సొంత పేరు, ఒక్కోసారి నాన్నగారి పేరు కూడా కార్డులోకి ఎక్కుతాయి. కొన్నేళ్ళ కిందట నేను చూసే ఒక జీతాల ప్రోగ్రాములో, కడప నుంచి వచ్చిన డ్రైవరు ఒకాయన పేరు దానికి కేటాయించిన చోటు దాటిపోయి, పక్కనే విడిగా దాచిన జీతం అంకెల మీద పడింది. ఆ నెల ఆయన జీతం ఆగింది. ఇంటికి డబ్బు వారం ఆలస్యంగా వెళ్ళింది. తప్పు ప్రోగ్రాముదే. కానీ కంప్యూటర్ ఎందుకు ఆపలేదు?

ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. అది మెమరీని పేజీలుగా, సాధారణంగా 4 కిలోబైట్ల చొప్పున విభజించి, ఏ ప్రోగ్రాముకి ఏ పేజీలో అనుమతి ఉందో పట్టిక రాస్తుంది. ప్రాసెసర్ ఆ పట్టిక ప్రకారం కాపలా కాస్తుంది. మన బిల్డింగ్ వాచ్‌మన్, అదే ఇక్కడి హారిస్, బయటివాణ్ణి గేటు దగ్గర ఆపుతాడు. లోపలివాడు పక్క గది తలుపు తీస్తే ఆయనకి తెలియదు. పేరూ జీతమూ ఒకే ప్రోగ్రాములో, ఒకే పేజీలో ఉన్నాయి. అందుకే ఎవరూ ఆపలేదు.

దీనికి విరుగుడుగా 2010లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, అమెరికాలోని ఎస్ఆర్ఐ ఇంటర్నేషనల్ కలిసి చెరీ అనే పరిశోధన మొదలుపెట్టాయి. పాయింటర్ అంటే మెమరీలో ఒక చోటు చిరునామా. చెరీలో అది ఉత్త అంకె కాదు, అనుమతి కార్డు. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, చదవొచ్చా, రాయొచ్చా అన్నీ దాని మీదే ఉంటాయి. అందుకే 64 బిట్ల పాయింటర్ 128 బిట్లయింది. అది అసలుదేనని చెప్పడానికి విడిగా ఒక ట్యాగు బిట్టు ఉంటుంది. కార్డు మీది అంకెల్ని మామూలు అంకెల్లా రాసుకుంటే ట్యాగు రాదు. సివిల్ ఐడీ అడిగినచోట జిరాక్సు చూపించినట్టే. కార్డు మీది హక్కు తగ్గించుకోవచ్చు గానీ పెంచుకోలేం.

అసలు కష్టం కెర్నెల్‌ని దీనికి అలవాటు చేయడంలో ఉంది. ఫ్రీబీఎస్‌డీని మార్చి చెరీబీఎస్‌డీ చేశారు.

మొదటిది, పాత కోడులో పాయింటర్ని మామూలు అంకెలో దాచుకునే అలవాటు ఉంది. అలా దాచిన చోటల్లా ట్యాగు పోతుంది. వాటన్నిటినీ వెతికి సరిచేయాలి.

రెండోది, మెమరీ చాలనప్పుడు కెర్నెల్ కొన్ని పేజీల్ని డిస్కులోకి తోస్తుంది. డిస్కులో ట్యాగుకి చోటు లేదు. కెర్నెల్ ట్యాగుల్ని విడిగా గుర్తుపెట్టుకుని, పేజీ తిరిగి వచ్చాక మళ్ళీ అతికించాలి.

మూడోది ముఖ్యం. "ఈ ఫైలు చదివి ఫలానా చోట పెట్టు" అని ప్రోగ్రాము అడుగుతుంది. కెర్నెల్‌కి అన్ని చోట్లకీ ప్రవేశం ఉంది. తన పలుకుబడితో ఆ పని చేస్తే మోసానికి దారి ఇచ్చినట్టే. కంపెనీ తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగే మందూబ్ మన కాగితం మీదే మన పని చేయించాలి కదా. కెర్నెల్ కూడా ప్రోగ్రాము ఇచ్చిన కార్డుతోనే రాయాలి.

2022 జనవరిలో ఆర్మ్ సంస్థ ఈ పద్ధతితో మొరెల్లో అనే ప్రయోగాత్మక బోర్డులు విడుదల చేసింది. పాయింటర్లు పెద్దవయ్యాయి కాబట్టి మెమరీ ఖర్చు ఎక్కువే. కానీ తమ భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ తప్పులవల్లేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది.

ఇలాంటి యంత్రం మీద ఆ డ్రైవరుగారి పేరు హద్దు దాటిన మొదటి అక్షరం దగ్గరే ప్రోగ్రాము ఆగిపోయేది. జీతం అంకె చెడేది కాదు, తప్పు మాకు ఆ రోజే తెలిసేది. పేరుకి సరిపడా చోటు ఇవ్వడం మాత్రం మా పనే.