డిస్కు లేని కంప్యూటర్లకు నెట్‌వర్క్ బూట్ సర్వర్

హార్డ్‌డిస్కు లేని కంప్యూటరును ఆన్ చేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడి నుంచి వస్తుంది? దాని నెట్‌వర్క్ కార్డులోని పీఎక్స్ఈ ప్రోగ్రాము తనకు చిరునామా కావాలని నెట్‌వర్క్ అంతటికీ సందేశం పంపుతుంది. డీహెచ్‌సీపీ సర్వర్ ఐపీ చిరునామాతోపాటు బూట్ ఫైలు పేరునూ, అది ఉన్న సర్వర్ చిరునామానూ తెలుపుతుంది. క్లయింటు ఆ ఫైలునూ, తరువాత కెర్నెల్‌నూ టీఎఫ్‌టీపీ ద్వారా తెచ్చుకుంటుంది. లినక్స్‌లో రూట్ ఫైల్ సిస్టమ్‌ను సాధారణంగా ఎన్ఎఫ్ఎస్ అందిస్తుంది.

ఈ మూడు సేవలను ఇన్‌స్టాల్ చేయడం కష్టం కాదు. చిక్కంతా వాటి పొందికలోనే ఉంది. మీ ల్యాబ్‌లోని బ్రాడ్‌బ్యాండ్ రౌటరు కూడా చిరునామాలు పంచుతూ ఉండవచ్చు. క్లయింటు దాని జవాబును తీసుకుంటే చిరునామా దొరుకుతుంది గాని బూట్ ఫైలు పేరు దొరకదు. కాబట్టి ముందు రౌటరులో డీహెచ్‌సీపీని ఆపండి. బయోస్ యంత్రానికి ఇచ్చే బూట్ ఫైలు యూఈఎఫ్ఐ యంత్రానికి పనికిరాదని కూడా గమనించండి. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే, యూడీపీ 69వ పోర్టు తెరిచాం కదా అని ఊరుకోకండి. అభ్యర్థన మాత్రమే ఆ పోర్టుకు వస్తుంది, ఫైలు వేరే పోర్టు నుంచి వెళుతుంది.

రూట్ ఫైల్ సిస్టమ్‌ను రాసే అనుమతితో అందరికీ ఇస్తే ఒక యంత్రం రాసినదాన్ని మరొకటి చెరిపేస్తుంది. చదవడానికి మాత్రమే ఇచ్చి, మార్పులను ఏ క్లయింటువి ఆ క్లయింటు ర్యామ్‌లోనే ఉంచండి. విద్యార్థుల ఫైళ్లకు మాత్రం సర్వర్‌లో వేరే డైరెక్టరీ కేటాయించాలి. లేకపోతే కరెంటు పోగానే వాళ్లు చేసిన పని కూడా పోతుంది.