పట్టు మీద అల

హైదరాబాద్ నల్లగండ్లలో ఎత్తయిన అపార్ట్‌మెంట్లు లేచాక కొండ తేనెటీగలు వాటినే కొండచరియలుగా చేసుకున్నాయి. పక్కనే సెంట్రల్ యూనివర్సిటీ చెట్లూ బండలూ, ఊళ్ళో చెరువూ ఉన్నాయి. ఇక ఈగలకు కావాల్సింది ఎత్తే. ఏ పై అంతస్తు సజ్జ కిందో పట్టు పెడతాయి. పెట్టె లేదు, తొర్ర లేదు. ఒకే ఒక్క మైనపు పలక, కొన్నిసార్లు మీటరు వెడల్పు. దాన్ని కప్పుకుని వేల ఈగలు పొరలు పొరలుగా, తలలు పైకి పెట్టి వేలాడుతుంటాయి.

కాసేపు ఓపిగ్గా, దూరంగా నిలబడి చూడండి. కందిరీగ దగ్గరికొచ్చిందా, ఒక మూల కొన్ని ఈగలు పొట్టలు చటుక్కున పైకి లేపి దించుతాయి. పక్కవి అందుకుంటాయి. క్షణంలో పట్టంతా వరిచేను మీద గాలి పోయినట్టు మెరుస్తుంది. ఆస్ట్రియా శాస్త్రవేత్త గెరాల్డ్ కాస్ట్‌బెర్గర్ బృందం ఈ అలల్ని చిత్రీకరించి, కందిరీగలు వీటికి బెదిరి వెనక్కి మళ్ళుతున్నాయని 2008లో చూపించింది.

ఆ వేల తలల్లో ఒక్కొక్కదాని లోపల ఏం జరుగుతోంది? తేనెటీగ మెదడు ఘన మిల్లీమీటరుకు అటూ ఇటూ. అందులో దాదాపు 10 లక్షల నాడీకణాలు. దాని గుట్టు తెలుసుకోవడానికి చాలాకాలం ఈగను కదలకుండా బిగించి, వాసన చూపించి, చక్కెర నీళ్ళు అందించేవాళ్ళు. జ్ఞాపకం గురించి దాని వల్ల ఎంతో తెలిసింది. కానీ బిగించిన ఈగకు ఇరుగుపొరుగు లేదు. గుంపులో పుట్టి గుంపులోనే పోయే ప్రాణిని ఒంటరిగా కట్టేసి దాని మనసు తెలుసుకున్నామంటే నేను ఒప్పుకోను.

బెర్లిన్‌లో రాండాల్ఫ్ మెంజెల్ బృందం అందుకే ఇంకో దారి పట్టింది. జుట్టు కంటే సన్నని రాగి తీగల్ని ఈగ మెదడులోకి దించి, దాన్ని చిన్న గూట్లో తోటి ఈగల మధ్య నడవనిచ్చింది. తీగ వెంట విద్యుత్ సంకేతాలు వస్తుంటే, కెమెరా దాని ప్రతి కదలికనూ రాసుకుంది. తోటి ఈగల ఒళ్ళు తగిలిన వేళల్లో కొన్ని నాడీకణాల మోత మారింది. ఆ ఫలితాలు 2020లో వెలువడ్డాయి.

అదే ఏడాది కాలిఫోర్నియాలో, శాన్ డియాగోలో, పరిశోధకులు పండ్ల ఈగ తలకు కిటికీ తెరిచారు. నాడీకణం చురుకైతే కాంతి పెరిగే ప్రోటీను లోపల ఉంటుంది. తల మీది చిన్న గుర్తును పట్టుకుని కెమెరా ఈగ వెంటే పరిగెడుతుంది. మగ ఈగ ఆడదాని వెంటపడి, ఒక రెక్క చాచి పాడుతున్నంతసేపూ పీ1 అనే కణాల గుంపు చురుగ్గా ఉంది. జత కలిశాక అది సద్దుమణిగింది. ఎమ్‌ఏఎల్ అనే వేరే కణాలు మాత్రం అప్పుడూ పనిచేస్తూనే ఉన్నాయి. కోరికకు పగ్గం వేసేవి అవేనేమోనని పరిశోధకుల ఊహ. కదలనివ్వని ఈగలో ఇది ఎన్నటికీ దొరికేది కాదు.

కొండ తేనెటీగ సంఘమంతా ఆరుబయటే, మన కళ్ళ ముందే వేలాడుతుంది. అలలో మొదటి పొట్ట లేపే ఈగ తలలో ఏ కణం ముందు మోగుతుందో వినాలని నాకెంతో ఆశ. దానికి ముందు పట్టు మిగలాలి. కుట్టాయంటే ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి జనం భయం న్యాయమే. కానీ ఆ భయంతో పట్టుకు మంట పెడితే చెదిరిన ఈగలే ఎక్కువ కుడతాయి. పూలు తగ్గాక అవి తమంతట తామే లేచిపోతాయి. అందాకా ఆ వైపు బాల్కనీ తలుపు మూసి, చీకటి పడ్డాక అక్కడి లైటు ఆర్పండి. వెలుతురుకే అవి ఇళ్ళలోకి వచ్చేది.