చిరు వ్యాపారంలోను, వ్యవసాయ విద్యలోను సమాచార వ్యవస్థల వినియోగం: శంషాబాద్ పరిసరాలకు అన్వయం

హైదరాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో బేగంపేట నుండి శంషాబాద్‌కు మారింది. విమానంలో వెళ్లే సరుకుకు ఒక రవాణా పత్రం, దానిపై 11 అంకెల సంఖ్య ఉంటాయి. మొదటి మూడంకెలు విమానయాన సంస్థను, తరువాతి ఏడంకెలు సరుకు వరుస సంఖ్యను తెలుపుతాయి. చివరి అంకె సరిచూచుటకు ఉద్దేశించినది. ఏడంకెల సంఖ్యను 7తో భాగించగా మిగిలే శేషమే ఆ అంకె. వరుస సంఖ్య 1234567 అయినచో శేషం 5. కనుక పత్రంపై 12345675 అని ఉంటుంది. ఎక్కడైనా ఒక అంకె తప్పుగా నమోదైతే చాలా సందర్భాల్లో లెక్క కుదరదు. పొరపాటు అక్కడికక్కడే బయటపడుతుంది.

విమానాశ్రయం చుట్టుపక్కల గ్రామాల నుండి నగర మార్కెట్లకు చేరే టమాట, ఆకుకూరలకు సాధారణంగా ఇటువంటి గుర్తింపు ఉండదు. అవి ఏ మడిలో పండినవి, చివరిసారి ఏ మందు, ఎన్ని రోజుల క్రితం చల్లినది అనే వివరాలు రైతు జ్ఞాపకంలోనే ఉంటాయి. మార్కెట్‌లో సరుకు కలిసిపోయిన తరువాత వాటిని తెలుసుకొనే మార్గం లేదు. ఈ లోటును కంప్యూటర్ కొన్నంత మాత్రాన పూడ్చలేము.

సమాచార వ్యవస్థ స్వరూపం

సమాచార వ్యవస్థలో నాలుగు పనులు ఇమిడి ఉన్నాయి: వివరాలను పుట్టిన చోటనే నమోదు చేయడం, సరిచూడడం, విశ్లేషించడం, ఫలితాన్ని వివరాలిచ్చిన వారికే తిరిగి అందజేయడం. నాలుగవ పని జరగనిచో మొదటి పనిపై రైతుకు ఆసక్తి నిలువదు. ఈ నాలుగు పనులను గళ్ల పుస్తకంతోనైనా, ఫోనుతోనైనా నిర్వహించవచ్చు.

విత్తనాలు, ఎరువుల దుకాణంలో

రాయితీ ఎరువుల అమ్మకాన్ని ఆధార్ ఆధారంగా యంత్రంలో నమోదు చేసే విధానం 2018 నాటికి దేశమంతటా అమలులోకి వచ్చింది. అంటే గ్రామంలోని చిన్న దుకాణదారు కూడా ఒక సమాచార వ్యవస్థలో ఇప్పటికే భాగస్వామి. అయితే ఎరువు ఏ పంటకు, ఏ దశలో వాడినదీ ఆ అమ్మకపు లెక్క వలన తెలియదు. దుకాణదారు తన పుస్తకంలో రైతు పేరు, పంట, సమస్య, అమ్మిన మందు, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ వ్రాసుకొన్నచో రెండు ప్రయోజనాలున్నాయి. ఏ సరుకు ఎప్పుడు తెప్పించాలో తెలుస్తుంది. గడువు మీరిన సరుకు రైతు చేతికి చేరదు.

రైతు పక్షాన ఈ నమోదు విలువ ఇంకా ఎక్కువ. నాసిరకం విత్తనాలతో నష్టపోయిన రైతులు వినియోగదారుల రక్షణ చట్టం క్రింద పరిహారం కోరవచ్చునని ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో 2012లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ హక్కు ఉపయోగపడాలంటే విత్తనం ఎక్కడ, ఏ లాటు నుండి కొన్నదీ చూపగలగాలి. లాటు సంఖ్య లేని బిల్లు, పారవేసిన సంచి రైతు వాదాన్ని బలహీనపరుస్తాయి. రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో ప్రారంభించిన ఇన్‌పుట్ డీలర్ల డిప్లొమా శిక్షణ ఈ అలవాటును నేర్పుటకు తగిన వేదిక.

విద్యార్థి శిక్షణలో

వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సర విద్యార్థులు గ్రామీణ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెల్లో ఉంటారు. ఒక్కొక్క విద్యార్థి కొన్ని మడులకు సంఖ్యలిచ్చి, వారం వారం పంట దశను, తెగుళ్లను, పిచికారీ తేదీలను ఛాయాచిత్రాలతో నమోదు చేయవచ్చు.

ఇది కొత్త ఊహ కాదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ 2004లో ఈ-సాగు ప్రయోగాన్ని ప్రారంభించి, వరంగల్ జిల్లాలో 1,051 పత్తి క్షేత్రాలను నమోదు చేసింది. గ్రామ సమన్వయకర్తలు పొలాల ఫోటోలు తీసేవారు. నాటి ఇంటర్నెట్ వేగం చాలనందున వాటిని సీడీలలో కొరియర్ ద్వారా పంపేవారు. నిపుణులు పొలం పూర్వ వివరాలతో పోల్చి చూచి, ఆ పొలానికే వర్తించే సలహా ఇచ్చేవారు. సీడీ అవసరం నేడు లేదు. క్రమం తప్పని పరిశీలన, పొలం చరిత్ర, తిరుగు సలహా మాత్రం నేటికీ అవసరమే.

పాటించవలసిన జాగ్రత్తలు

రైతు అనుమతి లేకుండా అతని వివరాలను ఇతరులకు ఇవ్వరాదు. నమోదు పత్రం తెలుగులో, ఒక పేజీకి మించకుండా ఉండాలి. కలుపు తీసి, కోత కోసే మహిళలను కూడా అడిగి వివరాలు వ్రాయాలి. తెగులు తొలి జాడ తరచు వారి కంటనే పడుతుంది. విద్యార్థి గ్రామం విడిచిన తరువాత పుస్తకం ఎవరి వద్ద ఉండాలో ముందే నిర్ణయించాలి. పుస్తకం కళాశాల బీరువాకు చేరినచో అది విద్యార్థికి మార్కులు తెచ్చే నివేదికగా మిగులుతుంది. రైతు ఇంట ఉన్నచో మరుసటి పంటకు మందు కొనే ముందు అతడు తెరచి చూచుకొనే ఆధారమవుతుంది.