తాతయ్య మాత్ర, గ్రేప్‌ఫ్రూట్ రసం

పిల్లలూ, కిందటి నెల మా మామయ్యగారు ఇండియా నుంచి వచ్చారు. ఒకరోజు పొద్దున్నే కొలెస్ట్రాల్ మాత్ర వేసుకోబోతూ గ్లాసులో గ్రేప్‌ఫ్రూట్ రసం పోసుకున్నారు. మా పాప మందు డబ్బా మీది చిన్న అక్షరాలు చదివి, "తాతయ్యా, ఆగండి! ఈ రసం తాగకూడదట" అంది.

"పళ్ళ రసమే కదమ్మా, ఏమవుతుంది?" అన్నారాయన. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను.

మన పేగుల గోడల్లో ఒక ఎంజైము ఉంటుంది. గుమ్మం దగ్గర కాపలావాడు అనుకోండి. కొన్ని మందుల్ని అది కొంత విరగ్గొట్టి, మిగిలినదాన్నే రక్తంలోకి పోనిస్తుంది. డాక్టరుగారు రాసే మోతాదులో ఆ లెక్క కూడా ఉంటుంది. గ్రేప్‌ఫ్రూట్ ఆ కాపలావాణ్ణి పనిచెయ్యనివ్వదు. అప్పుడు ఒక్క మాత్రే వేసుకున్నా ఒంట్లోకి ఎక్కువ మందు చేరుతుంది, కండరాలు దెబ్బతినొచ్చు. రసం పొద్దున, మాత్ర రాత్రి అన్నా లాభం లేదు. ఒక్క గ్లాసు ప్రభావం రోజు దాటినా ఉండొచ్చు.

ఇది కెనడాలో అనుకోకుండా బయటపడింది. ఒక బీపీ మందును పరీక్షిస్తూ, ఆల్కహాల్ రుచి తెలియకుండా ఈ రసం కలిపారు. రక్తంలో మందు చాలా ఎక్కువగా కనిపించింది! 1989లో ఆ సంగతి ప్రచురించారు.

అన్ని మందులకూ ఈ చిక్కు లేదు. కొన్ని యాంటీబయాటిక్‌లకైతే పాలతో పేచీ: పాలలోని కాల్షియం మందుని పట్టుకుని ఒంట్లోకి పోనివ్వదు. మన పంపరపనస కూడా గ్రేప్‌ఫ్రూట్‌కి చుట్టమే. అందుకే ఫార్మసిస్టుని అడిగాం. ఆ మాత్ర వాడినన్నాళ్ళూ రెండూ వద్దన్నారు.

తాతయ్య మంచినీళ్ళతో మాత్ర వేసుకున్నారు. రసం మా పాప తాగేసింది.