రాజాచారి

ఉద్దానపు జీడితోటలపై సంజవేళ నొక్కొక్కప్పుడు మినుకుమినుకుమనక వడిగా సాగిపోవు చుక్క కానవచ్చును. అది చుక్క కాదు, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము! 2021 నవంబరులో నలుగురితో అచటికేగిన నౌకకు నాయకుడు రాజాచారి. ఆయన తండ్రి హైదరాబాదునుండి అమెరికాకు వెడలిన ఇంజనీరు.

1977లో జన్మించిన రాజాచారి అమెరికా వైమానికదళమున యుద్ధవిమానములను నడపి, పిదప పరీక్షక వైమానికుడయ్యెను. క్రొత్త విమానము ఎచట మొరాయించునో తానే యెగిరి కనుగొనుట అట్టివాని పని. అందుకే నాసా వారు అట్టివారిని కోరుదురు. 2017లో ఆయనను ఎన్నుకొనిరి.

2022 మార్చి 23న ఆయన, జర్మను దేశీయుడగు మథియాస్ మౌరర్ కేంద్రము వెలుపల దాదాపు 7 గంటలు పనిచేసిరి. లోనికి వచ్చిన పిమ్మట మౌరర్ శిరస్త్రాణమున నీరు కనబడెను. భారము తెలియని ఆ చోట నీరు క్రిందికి జారదు, ముఖమునకే అంటుకొనును. ముక్కును కప్పినచో ఊపిరాడదు. అదృష్టవశమున హాని కలుగలేదు. మే 6న నలుగురును ఫ్లారిడా చెంత సముద్రమున క్షేమముగా దిగిరి.