నొప్పి లేదని ఆగితే...

సెగ్గడ్డ లేస్తే ఆసుపత్రికి వెళ్లమని ఎవరూ చెప్పనక్కర్లేదు. సలుపు భరించలేక మనిషే బయల్దేరుతుంది. రొమ్ము క్యాన్సర్ దగ్గర కథ తిరగబడుతుంది. మొదట్లో ఆ గడ్డ చాలామందికి నొప్పి పెట్టదు. జ్వరం రాదు, ఆకలి తగ్గదు, చేసే పనికి అడ్డం రాదు. గూడెం కొత్తవీధి మండలపు కొండల్లో నవంబరు వచ్చిందంటే కాఫీ పళ్లు ఏరే పని. రెండు చేతులూ కొమ్మల్లో, భుజాన సంచీ. స్నానం చేసేటప్పుడు చేతికి ఏదో గట్టిగా తగిలినా "నొప్పి లేదు కదా, పళ్లు ఏరడం అయ్యాక చూద్దాం" అనిపిస్తుంది. అది అయ్యేసరికి మిరియాలు, తర్వాత పసుపు. ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి.

ఈ జబ్బులో పోగొట్టుకోకూడనివి ఆ నెలలే. 2022లో ప్రపంచమంతటా సుమారు 23 లక్షల మంది మహిళలకు రొమ్ము క్యాన్సర్ బయటపడితే, 6 లక్షల 70 వేల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అదే ఏడాది మన దేశంలో కొత్త కేసులు సుమారు 1 లక్ష 92 వేలు, మరణాలు 98 వేల పైచిలుకు. అంటే ఇద్దరికి జబ్బు బయటపడేలోగా ఒకరు పోతున్నారన్నమాట. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఆ లెక్క ముగ్గురిలో ఒకరికంటే తక్కువే. ముదిరాక ఆసుపత్రికి రావడం, మొదలుపెట్టిన వైద్యాన్ని సగంలో మానేయడం ఈ తేడాకు పెద్ద కారణాలు. రెండోదానికి డబ్బు, దూరం, ఇంటి పరిస్థితి అన్నీ అడ్డుపడతాయి. మొదటిది మాత్రం చాలావరకు తెలియకపోవడం వల్ల జరిగేదే.

ఏం గమనించాలి

ఎక్కువమందిలో మొదట కనిపించేది గడ్డ. రొమ్ములో గానీ చంకలో గానీ చుట్టూ ఉన్న కండకంటే గట్టిగా, వేళ్ల కింద సులువుగా కదలకుండా, అంచులు ఎగుడుదిగుడుగా ఉంటే అనుమానం ఎక్కువ. గుండ్రంగా, కాస్త మెత్తగా ఉండే క్యాన్సర్ గడ్డలూ లేకపోలేదు. కాబట్టి తడిమి చూసి మనకు మనమే తీర్పు చెప్పుకోకూడదు.

గడ్డ తగలకపోయినా చర్మం చెప్పే సంగతులు కొన్ని ఉంటాయి. చెయ్యి పైకెత్తినప్పుడు రొమ్ము మీద ఒకచోట సొట్ట పడటం, చర్మం దళసరెక్కి నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలు తేలడం, ఒక రొమ్ము ఈమధ్యనే పెద్దదవడమో ఆకారం మారడమో. చిన్నప్పటినుంచీ రెండింటి మధ్య కాస్త తేడా ఉండటం మామూలే. కొత్తగా వచ్చిన మార్పే ముఖ్యం. చనుమొన సంగతీ అంతే. మొదటినుంచీ లోపలికి ఉంటే భయం లేదు, ఇన్నాళ్లూ బాగుండి ఇప్పుడు లోపలికి లాక్కుపోతే చూపించుకోవాలి. నొక్కకుండానే ఒక వైపు నుంచి నెత్తురు గానీ నీళ్లలాంటి ద్రవం గానీ కారినా అంతే.

రెండు లక్షణాలు మాత్రం తేలిగ్గా మోసం చేస్తాయి. చనుమొన మీద దురద, పొట్టు రాలడం, రసి కారడం చూసి గజ్జి అనుకుని మలాము రాస్తూ కూర్చుంటారు. రెండు వారాల్లో మానకపోతే అది గజ్జి కాకపోవచ్చు. ఇక రొమ్మంతా ఎర్రబడి, వేడెక్కి, వాచిపోతే చీము పట్టిందనుకుంటారు. చాలాసార్లు అదే నిజం. యాంటీబయాటిక్ మాత్రల కోర్సు పూర్తయ్యాక కూడా తగ్గకపోతే, గడ్డ లేకుండానే వేగంగా పాకే క్యాన్సర్ ఒకటుంది, దాన్ని అనుమానించాలి.

వాగు దగ్గరో పెరట్లోనో చీర మీదే స్నానం చేసేవారికి తమ ఒళ్లు తాము చూసుకునే వీలే ఉండదు. రాత్రి పడుకున్నాక చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని ఒక చెయ్యి తల కింద పెట్టుకుని, రెండో చేతి మధ్య మూడు వేళ్లనూ బల్లపరుపుగా ఆనించి, చిన్న చుట్లు తిప్పుతూ తల కింద చెయ్యి పెట్టిన వైపు మెడ కింది ఎముక నుంచి రొమ్ము కింది దాకా, ఛాతీ నడిమి ఎముక నుంచి చంక దాకా తడమాలి. వేళ్లతో కండను గిల్లి పట్టుకుంటే లేని గడ్డ కూడా ఉన్నట్టే తగులుతుంది. నెలసరి వచ్చేవారు అది అయిపోయిన కొద్ది రోజులకు చూసుకుంటే మేలు. తేదీ తప్పకుండా ప్రతి నెలా చేసితీరాల్సిన నోమేమీ కాదిది. మీ ఒళ్లు మామూలుగా ఎలా ఉంటుందో మీకు తెలిసి ఉంటే, మార్పు వచ్చినప్పుడు పసిగట్టగలరు.

ఎన్నాళ్లు ఆగవచ్చు

రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. పడుచువాళ్లలో వేళ్ల కింద జారిపోయే నున్నని కణితులు, నీటి బుడగలు, పాలిచ్చే తల్లుల్లో పాలగడ్డలు తరచూ వస్తుంటాయి. నెలసరికి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి నొప్పి పెట్టడం కూడా మామూలే. కొత్తగా ఏదైనా తగిలితే ఒక నెలసరి అయ్యేదాకా చూడవచ్చు. ఆ తర్వాతా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ముట్లుడిగినవారు ఆ మాత్రం కూడా ఆగకూడదు. చంకలో గడ్డ, చర్మం సొట్ట, చనుమొన మార్పు, నెత్తురు కారడం కనిపిస్తే ఏ వయసువారైనా వారం పది రోజుల్లో చూపించుకోవాలి. గర్భిణులు, బాలింతలు "పాలగడ్డేలే" అని రెండు వారాలకు మించి ఊరుకోకూడదు. జ్వరం, విపరీతమైన వాపు, చీము ఉంటే అదే రోజు వెళ్లాలి.

"ఐదుగురిని కన్నాను, అందరికీ పాలిచ్చాను, నాకెందుకొస్తుంది?" అనే మాట ఈ కొండల్లో వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. 30 దేశాల అధ్యయనాలను కలిపి 2002లో వేసిన లెక్క ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ ముప్పు నూటికి నాలుగు వంతుల చొప్పున తగ్గుతుంది. తగ్గుతుందే గాని పోదు. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. తల్లికో అక్కచెల్లెళ్లకో వచ్చి ఉంటే ఇంకొంచెం ఎక్కువ. మద్యం అలవాటు కూడా పెంచుతుంది. ఇవేవీ లేనివారికీ వస్తుంది. ఈ జబ్బు వచ్చినవారిలో నూటికి ఒకరి దాకా మగవారు కూడా ఉంటారు.

ఎక్కడికి వెళ్లాలి

ముందు ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో చెప్పండి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పెద్దమ్మలకు డాక్టరు ముందు నోరు పెగలకపోతే మాట అందించేది కూడా వాళ్లే. ముప్పై నిండిన మహిళలకు ఐదేళ్లకోసారి ఆరోగ్య సిబ్బంది చేత్తో రొమ్ము పరీక్ష చేయాలన్నది కేంద్ర ప్రభుత్వ నిబంధన. చేత్తో చేసే పరీక్షే కదా అని తీసిపారేయకండి. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో లక్షన్నర మంది మహిళలతో మొదలుపెట్టిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తోనే పరీక్షించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. పరీక్ష చేయించుకున్నవారిలో జబ్బు ముదరకముందే దొరికింది. యాభై దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

ఆ తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. మారుమూల గూడేల వాళ్లకు అక్కడికి చేరడమే ఒక రోజు పని. వెళ్లాక డాక్టరు రవికె విప్పించి, కూర్చోబెట్టి, చేతులు పైకెత్తించి, పడుకోబెట్టి, రెండు రొమ్ములూ రెండు చంకలూ చూడాలి. గదిలో ఒక ఆడమనిషిని ఉంచమని అడగవచ్చు. అనుమానం ఉంటే పై ఆసుపత్రికి చీటీ రాస్తారు. చివరికి చేరాల్సింది విశాఖపట్నం: కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), లేదా టాటా మెమోరియల్ సెంటర్ నడిపే అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. ఆరోగ్యశ్రీగా అందరికీ తెలిసిన, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో రొమ్ము క్యాన్సర్ చికిత్స ఉంది. ఆధార్, రేషన్ కార్డు తీసుకెళ్లి ఆసుపత్రిలో ఆ పథకం సిబ్బందిని కలవండి.

అక్కడ మూడు అంచెల్లో తేలుస్తారు. డాక్టరు చేతి పరీక్ష మొదటిది. తర్వాత పడుచువారికి స్కానింగ్, నలభై దాటినవారికి మామోగ్రామ్, అవసరమైతే రెండూ. మూడోది సూదితో చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయం చాలామందిని సగం దారి నుంచి వెనక్కి పంపేస్తోంది. అది నిజం కాదు. ఆ ముక్క చూడకుండా ఏ మందు పనిచేస్తుందో చెప్పడం కుదరదు. జబ్బు తొందరగా దొరికితే చాలామందికి రొమ్ము మొత్తం తీసేయాల్సిన అవసరం కూడా ఉండదు.

ఒంట్లో బాగోకపోతే ఊళ్లో నాటువైద్యం చేసే దిసారిని అడగడం ఇక్కడి ఆచారం. అడగండి. గడ్డను కోయడం, వాతలు పెట్టడం, పసరు కట్టి నెలలు చూడటం మాత్రం వద్దు. అలా పుండైతే డాక్టరు పని కూడా కష్టమవుతుంది. ఇంట్లో మగవాళ్లు చేయగలిగింది ఒకటుంది: ప్రయాణానికి ఒక రోజు కూలీ వదులుకుని తోడు వెళ్లడం.

డాక్టరు దగ్గర మూడు మాటలు చెప్పండి: గడ్డ ఎప్పుడు తగిలింది, అప్పటినుంచి పెరిగిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. ఆయన పట్టి చూసి "ఏం లేదు" అంటే సంతోషమే. అయినా లేచేముందు ఒక ప్రశ్న వేయండి: "క్యాన్సర్ కాదని ఏ పరీక్షతో తేలింది? మళ్లీ ఎప్పుడు రావాలి?" జవాబును ఓపీ చీటీ మీద రాయించుకోండి. గడ్డ అలాగే ఉంటే ఆ చీటీతోనే మళ్లీ వెళ్లండి, నొప్పి ఉన్నా లేకపోయినా.